1.సి4 సి5 సాధనకు లీచెస్: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

1.సి4కి నలుపు 1...సి5 అని జవాబిస్తే దాన్ని సిమెట్రికల్ ఇంగ్లిష్ అంటారు. ఓపెనింగ్ కోడ్లలో ఏ30 నుంచి ఏ39 దాకా పది గదులు దీనివే. సిసిలియన్ (1.ఈ4 సి5తో మొదలయ్యే ఓపెనింగ్) నేర్చుకునేవాళ్లకు లేని తలనొప్పి ఒకటి ఇక్కడుంది. సిసిలియన్‌లో ఐదారు ఎత్తులకే ఎవరి దారి వాళ్లది తేలిపోతుంది. ఇక్కడ ఒకే పొజిషన్‌కి నాలుగైదు దారుల్లో చేరుకోవచ్చు. ఎవరిది పైచేయో కంప్యూటర్ చెప్పే ఇంజిన్ అంకె సున్నా చుట్టూనే తచ్చాడుతుంది. గెలుపోటముల పట్టీలు చూస్తే అన్ని ఎత్తులూ ఒకేలా కనిపిస్తాయి. మామూలుగా మనం నమ్ముకునే కొలతలన్నీ ఇక్కడ మొద్దుబారతాయి. కాబట్టి ఓ చెస్ సైటు అధ్యయనానికి ఎంత పనికొస్తుందో తేల్చాలంటే ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు. ఈ సమీక్షలో లీచెస్‌ని ఆట ఆడుకునే చోటుగా చూడడం లేదు. సిమెట్రికల్ ఇంగ్లిష్‌ని విప్పి చూసే పనిబల్లగా మాత్రమే చూస్తున్నాం.

ధర సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది: సున్నా. 2010లో తిబో డ్యూప్లెసీ మొదలుపెట్టిన ఈ సైటును ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లాభాపేక్ష లేని సంఘం ఒకటి విరాళాలతో నడుపుతోంది. ప్రకటనలు ఉండవు, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. విరాళమిచ్చినవాళ్లకు పేరు పక్కన రెక్కల గుర్తు వస్తుంది తప్ప అదనపు సదుపాయం ఏదీ రాదు. 'ఇవాళ్టి విశ్లేషణలు అయిపోయాయి, డబ్బు కట్టండి' అనే గోడ ఎక్కడా అడ్డురాదు.

పరీక్షకు ఓ ఆట కావాలి. 1972లో రేక్యవిక్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఎనిమిదో గేమ్ తీసుకుందాం. తెల్లపావులు ఫిషర్‌వి, నల్లపావులు స్పాస్కీవి. జులై 27న ఆడిన ఈ ఆటతో ఫిషర్ 5-3 ఆధిక్యంలోకి వెళ్లాడు. దాదాపు జీవితమంతా 1.ఈ4 ఆడిన మనిషి సి-బంటు జరపడం అప్పట్లో వార్త. ఎత్తులివి (0-0 అంటే క్యాస్లింగ్, × అంటే కొట్టడం): 1.సి4 సి5 2.నైట్ సి3 నైట్ సి6 3.నైట్ ఎఫ్3 నైట్ ఎఫ్6 4.జి3 జి6 5.బిషప్ జి2 బిషప్ జి7 6.0-0 0-0 7.డి4 సి×డి4 8.నైట్×డి4 నైట్×డి4 9.క్వీన్×డి4 డి6 10.బిషప్ జి5 బిషప్ ఈ6 11.క్వీన్ ఎఫ్4 క్వీన్ ఏ5 12.రూక్ ఏసి1 రూక్ ఏబి8 13.బి3 రూక్ ఎఫ్‌సి8 14.క్వీన్ డి2 ఏ6 15.బిషప్ ఈ3 బి5 16.బిషప్ ఏ7 బి×సి4 17.బిషప్×బి8 రూక్×బి8 18.బి×సి4 బిషప్×సి4 19.రూక్ ఎఫ్‌డి1 నైట్ డి7 20.నైట్ డి5. ఇక్కడితో కథ దాదాపు తేలిపోయింది. 37వ ఎత్తు తర్వాత స్పాస్కీ చేతులెత్తేశాడు. ఆరో ఎత్తు దాకా అద్దంలో బొమ్మలా సాగి, ఏడో ఎత్తుకు అద్దం పగిలిన ఆట ఇది. ఈ ఇరవై ఎత్తుల్నీ ఎనాలిసిస్ బోర్డు మీద ఒకసారి వేసి పెట్టుకుంటే, కింద చెప్పేవన్నీ పక్కనే సరిచూసుకోవచ్చు.

ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్

లీచెస్‌లో ఈ ఓపెనింగ్‌కి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఎనాలిసిస్ బోర్డులో పుస్తకం గుర్తు నొక్కితే తెరుచుకుంటుంది. దీని బలమంతా ఒక్క విషయంలో ఉంది. ఇది ఎత్తుల వరసను పట్టించుకోదు, బోర్డు మీద ఉన్న పొజిషన్‌ని మాత్రమే చూస్తుంది. 1.నైట్ ఎఫ్3 సి5 2.సి4 అని వచ్చినా, 1.సి4 నైట్ ఎఫ్6 2.నైట్ సి3 సి5 అని వచ్చినా, 1.సి4 జి6 అంటూ చుట్టుతిరిగి వచ్చినా, రెండు వైపులా 0-0 అయిన ఆ ఆరో ఎత్తు పొజిషన్‌లో పడ్డాక అన్ని ఆటలూ ఒకే లెక్కలో చేరతాయి. అచ్చు పుస్తకంలో ఇదే పనికి నాలుగు అధ్యాయాలు తిరగేయాలి.

ఇది ఎంత దూరం వెళ్తుందో ఓ చిన్న పరీక్షలో తేలుతుంది. 1.సి4 సి5 2.నైట్ ఎఫ్3 జి6 3.డి4 సి×డి4 4.నైట్×డి4 నైట్ సి6 5.ఈ4 వేసి చూడండి. పైన పేరు ఇంగ్లిష్ నుంచి సిసిలియన్‌కి మారిపోతుంది. యాక్సిలరేటెడ్ డ్రాగన్‌లో మరోచి బైండ్ (తెలుపు సి4, ఈ4 బంట్లతో మధ్యను బిగించే అమరిక) అంటుంది. 1.ఈ4 సి5 2.నైట్ ఎఫ్3 నైట్ సి6 3.డి4 సి×డి4 4.నైట్×డి4 జి6 5.సి4తో వచ్చేదీ సరిగ్గా ఈ పొజిషనే కాబట్టి మార్పు సరైనదే. సి4 ఆటగాడు రెండో ఎత్తులో జి6 చూసిన మరుక్షణం 'మరోచి ఆడటానికి నేను సిద్ధంగా ఉన్నానా' అని తేల్చుకోవాలి. ఎక్స్‌ప్లోరర్ పైనున్న పేరు మారుతోందా లేదా అన్నది చూసుకోవడమే అందుకు మంచి అలవాటు. పేరు మారిందంటే మీ తయారీ ఫైలు దాటి వేరే ఫైల్లోకి అడుగుపెట్టారని అర్థం.

ఎక్స్‌ప్లోరర్‌లో మూడు భాగాలున్నాయి. మాస్టర్స్‌లో 2200, ఆపై రేటింగ్ ఆటగాళ్లు బోర్డు మీద ఆడిన ఆటలు 1952 నుంచి ఉన్నాయి. (ఫిడే రేటింగులు వచ్చిందే 1970ల మొదట్లో. కాబట్టి అంతకు ముందటి ఆటలకు ఆ 2200 అన్నది అక్షరాలా పట్టించుకోకండి.) లీచెస్ భాగంలో సైటులో జనం ఆడిన ఆటలు, ప్లేయర్ భాగంలో ఫలానా అకౌంట్ ఆడిన ఆటలు ఉంటాయి.

మాస్టర్స్‌లో అంతగా ఎవరూ వాడని సదుపాయం ఒకటుంది: ఏ ఏడాది నుంచి, ఏ ఏడాది దాకా అనే వడపోత. పై ఆటకు 'దాకా' గడిలో 1971 పెట్టి, తొమ్మిదో ఎత్తు డి6 తర్వాత ఆగండి. ఫిషర్, స్పాస్కీ కూర్చునే నాటికి ఏమేం ఆడి ఉన్నారో అంతే కనిపిస్తుంది. తర్వాత గడి ఖాళీ చేస్తే ఇప్పటి దాకా వచ్చిన ఆటలు కలుస్తాయి. ఈ చోట ప్రధాన ఎత్తు 10.క్వీన్ డి3. దాని కారణం తెలియకుండా పట్టీలు ఎంతసేపు చూసినా దండగే. డి4లో ఉన్న క్వీన్‌కి ఎదురుగా, ఎఫ్6 నైట్ చాటున జి7 బిషప్ పొంచి ఉంది. నైట్ పక్కకు జరిగితే క్వీన్ మీద దాడి ఉచితంగా వస్తుంది. ఆ తిప్పలు లేకుండా క్వీన్ ముందే తప్పుకుంటుంది. ఫిషర్ 10.బిషప్ జి5 ఆడి, తర్వాతి ఎత్తులో క్వీన్‌ని ఎఫ్4కి తీశాడు. ఎక్స్‌ప్లోరర్ ఈ రెంటినీ పక్కపక్క గళ్లలో చూపిస్తుంది. ఎందుకో మాత్రం చెప్పదు, చెప్పాలని ఆశించడమూ తప్పే.

మాస్టర్స్ భాగంలో ఆటగాడి పేరుతో వెతికే వీలు లేదు. హరికృష్ణ ఈ పొజిషన్‌లో ఏం ఆడతాడు, అర్జున్ ఎరిగైసి ఏ వరసలో వస్తాడు అని తెలుసుకోవాలంటే కింద చూపే కొద్దిపాటి ఆటల్లో వాళ్ల పేర్లు కనిపిస్తేనే. కనిపించకపోతే వేరే డేటాబేస్ తెరవాల్సిందే.

హెడ్జ్‌హాగ్ (నలుపు బంట్లను ఏ6, బి6, డి6, ఈ6 గళ్లలో నిలిపే అమరిక) దగ్గర ఇంకో పరిమితి బయటపడుతుంది. 1.సి4 సి5 2.నైట్ ఎఫ్3 నైట్ ఎఫ్6 3.జి3 బి6 4.బిషప్ జి2 బిషప్ బి7 5.0-0 ఈ6 6.నైట్ సి3 బిషప్ ఈ7 7.డి4 సి×డి4 8.క్వీన్×డి4 డి6 దాకా బండి బాగానే నడుస్తుంది. అక్కడి నుంచి రూక్ డి1, బి3, ఈ4, అవతల ఏ6, నైట్ బిడి7, 0-0 అన్నవి ఎవరికి తోచిన వరసలో వాళ్లు ఆడతారు. చివరికి చేరే బంట్ల నిర్మాణం ఒకటే అయినా మధ్య పొజిషన్లు వేరు. దాంతో ఆటలు చెల్లాచెదురై ఒక్కో గడిలో పదీ ఇరవై మిగులుతాయి. ఫలానా బంట్ల నిర్మాణం ఉన్న ఆటలన్నీ చూపించు అని అడిగే సదుపాయం లీచెస్‌లో లేదు. హెడ్జ్‌హాగ్ ఆడేవాళ్లకు ఇది నిజమైన లోటు. ఛెస్‌బేస్ లాంటి కొనుక్కునే సాఫ్ట్‌వేర్ దగ్గర ఆ డబ్బుకు అర్థం కనిపించేది ఇక్కడే.

పట్టీలను ఎంత నమ్మాలి

లీచెస్ భాగంలో మొదట కనిపించే అంకెలు బులెట్, బ్లిట్జ్‌తో సహా అన్ని వేగాలవీ, అన్ని స్థాయులవీ కలిపినవి కావచ్చు. ఈ ఓపెనింగ్‌కి ఆ కలగూరగంప పనికిరాదు. సిమెట్రికల్‌లో ఆట తేలేది ఓపెనింగ్‌లో కాదు, ముప్పయ్యో ఎత్తు తర్వాత. ఒక నిమిషం ఆటలో ఆ దశలో గెలిచేది గడియారం. కాబట్టి వడపోతలో బులెట్, బ్లిట్జ్ తీసేసి ర్యాపిడ్, క్లాసికల్, కరస్పాండెన్స్ (ఎత్తుకు రోజుల గడువుండే ఆట) ఉంచండి. రేటింగ్‌లో మీ స్థాయీ, దానిపై మెట్టూ పెట్టండి. 1600 ఆటగాడికి 2500 వాళ్ల పట్టీ ఎంత దూరమో 1000 వాళ్ల పట్టీ కూడా అంతే దూరం.

వడపోత పెట్టాక ఆటల సంఖ్య పడిపోతుంది. అసలు పొరపాటు జరిగేది అప్పుడే. 7.ఏ3కి 54 శాతం, 7.డి3కి 50 శాతం కనిపించిందనుకోండి (లెక్క కోసం వేసిన అంకెలివి). ఆటలు వందేసి మాత్రమే ఉంటే ఆ తేడాకు విలువే లేదు. డ్రాలు తక్కువగా ఉండే ఆన్‌లైన్ ఆటల్లో వంద ఆటలకు సగటు ఫలితం అటూ ఇటూ ఐదు శాతం ఊగడం మామూలు. నాలుగు వందల ఆటలుంటే ఆ ఊపు రెండున్నరకు తగ్గుతుంది. పాతిక ఆటలే ఉంటే పది శాతం దాకా ఉంటుంది. సిసిలియన్‌లో ఏదో ఒక తప్పెత్తు ఇరవై శాతం తేడా చూపిస్తుంది గనక పాతిక ఆటలైనా సంగతి తెలుస్తుంది. సిమెట్రికల్ ఇంగ్లిష్‌లో మంచి ఎత్తుకీ మామూలు ఎత్తుకీ తేడా రెండు మూడు శాతమే. దాన్ని పాతిక ఆటలతో కొలవడం బియ్యం బస్తాల కాటాతో బంగారం తూచినట్టే.

ఈ ఓపెనింగ్‌కి పట్టీలకంటే పనికొచ్చేది మొత్తం ఆటల సంఖ్య గడి. జవాబుగా ఏది ఎక్కువమంది ఆడుతున్నారో అది చెబుతుంది. ఆరో ఎత్తు తర్వాత మీ స్థాయిలో నూటికి ఎనభై మంది అవతలివాళ్లు ఫలానా మూడు ఎత్తులే ఆడుతున్నారని తెలిస్తే, తయారీ ఆ మూడింటికి చాలు.

ప్లేయర్ భాగం రెండు వైపులా కోసే కత్తి. టోర్నమెంట్ జత ముందే తెలిసి, ఎదుటి ఆటగాడి లీచెస్ అకౌంట్ పేరు తెలిస్తే చాలు. రంగు ఎంచుకుని 1.సి4కి ఏం జవాబిస్తాడో నిమిషంలో చూడొచ్చు. మీ గురించి వాళ్లు చూడటమూ అంతే తేలిక. రేటెడ్ ఆటలన్నీ అందరికీ కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకున్న 3...డి5 లైన్‌ని జిల్లా టోర్నీకి వారం ముందు సొంత అకౌంట్‌లో నలభై సార్లు ఆడి చూసుకుంటే, దాచిపెట్టుకున్న ఆయుధాన్ని వీధిలో ఊరేగించినట్టే.

ఇంజిన్: అంకె కంటే బెదిరింపు

లీచెస్ ఎనాలిసిస్‌లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ మీ బ్రౌజర్లోనే నడుస్తుంది. ఎక్కువమంది చూసిన పొజిషన్లకు ముందే లెక్కగట్టిన ఫలితం 'క్లౌడ్' అనే గుర్తుతో వెంటనే వస్తుంది. ఆరో ఎత్తు పొజిషన్ అలాంటిదే. లైన్ల సంఖ్య ఐదు దాకా పెంచుకోవచ్చు, ఈ ఓపెనింగ్‌కి ఐదూ పెట్టాల్సిందే. ఒకే లైను పెట్టుకుంటే ఇంజిన్ చెప్పిన ఎత్తే వేదమనిపిస్తుంది. ఐదు పెడితే 7.డి4, 7.ఏ3, 7.డి3, 7.రూక్ బి1 లాంటివి పక్కపక్కనే చిన్న చిన్న తేడాలతో నిలబడతాయి. అప్పుడే అర్థమవుతుంది, ఇక్కడ ఎంపిక మనదేనని. ఫోన్‌లో ఐదు లైన్లు పెట్టి పావుగంట వదిలేస్తే ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ జారిపోవడం తప్పదు. లోతుగా చూడాలంటే కంప్యూటర్ మంచిది.

నా లెక్కలో ఇంజిన్ పెట్టెలో అన్నిటికంటే విలువైనది మూల్యాంకనం కాదు, బెదిరింపు చూపించే బటన్. లక్ష్యం గుర్తులా ఉంటుంది, కీబోర్డులో ఎక్స్ అక్షరం నొక్కినా చాలు. ఆడాల్సిన వంతు మనదే అయినా, మనం ఏమీ ఆడకపోతే ఎదుటివాడు ఏం చేస్తాడో ఎర్ర బాణంతో చూపిస్తుంది. ఫిషర్ ఆటలో 19.రూక్ ఎఫ్‌డి1 తర్వాత ఆగి అది నొక్కండి. 20.నైట్ డి5 కనిపిస్తుంది.

ఆ ఒక్క బాణంలో ఆట మొత్తం ఉంది. డి2లో తెల్ల క్వీన్, ఏ5లో నల్ల క్వీన్ ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో సి3 నైట్ ఒక్కటే అడ్డం. 18వ ఎత్తు తర్వాత తెలుపు తొందరపడి 19.నైట్ డి5 ఆడితే 19...క్వీన్×డి2, తిరిగి కొట్టడానికి డి2ని కాపాడే పావే లేదు. 19.రూక్ ఎఫ్‌డి1 చేసింది ఆ కాపలా పెట్టడమే. ఇప్పుడు 20.నైట్ డి5కి 20...క్వీన్×డి2 అంటే 21.నైట్×ఈ7 చెక్. రాజు ఎఫ్8కి జరగ్గానే 22.రూక్×డి2. 22...రాజు×ఈ7, 23.రూక్×సి4. చివర్లో లెక్క చూస్తే క్వీన్లు పోయాయి, నైటుకు బిషప్ చెల్లు, అదనంగా ఓ బంటు తెలుపు ఖాతాలో పడింది. అప్పటికే ఎక్స్చేంజ్ వెనకబడిన (రూక్ ఇచ్చి బిషప్ మాత్రమే పుచ్చుకున్న) నలుపుకు ఉన్న ఒకే ఓదార్పు, ఆ అదనపు బంటు, అదే ఎగిరిపోయింది.

19...నైట్ డి7 ఈ బెదిరింపును చూడని ఎత్తు. దీన్ని తప్పించే దారులు రెండు రకాలు. సి4 బిషప్‌ని ఈ6కి వెనక్కి తీస్తే చివర్లో రూక్ కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. లేదా రాజును ముందే ఎఫ్8కి జరిపితే నైట్×ఈ7 చెక్ కాకుండా పోతుంది, ఆ మధ్య ఎత్తుకు విలువ పోతుంది. సైటు ఆటలో తప్పులకు '?', '??' గుర్తులు పెట్టేది గెలుపు అవకాశం ఎంత పడిపోయిందన్న లెక్కతో. అందుకని ఇలాంటి చోట గుర్తు సరిగ్గానే పడుతుంది. గుర్తు చూసి ముందుకు పోకుండా, దానికి ముందు ఎత్తు దగ్గర బెదిరింపు బటన్ నొక్కడం అలవాటు చేసుకున్నవాళ్లకే దాని లాభం.

15...బి5 సంగతి వేరు. స్పాస్కీ ఎక్స్చేంజ్‌ను తెలిసి బలిచ్చాడా, చూసుకోలేదా అన్నది అప్పటినుంచీ నలుగుతున్న ప్రశ్న. బోర్డు మీద మాత్రం కారణం తేటగా ఉంది. బి7లో బంటు ఉన్నంతకాలం జి2 బిషప్ చూపు అక్కడే ఆగుతుంది. ఆ బంటు బి5కి వెళ్లగానే జి2 నుంచి ఏ8 దాకా దారి తెరుచుకుంది. సి6లో నైట్ ఎనిమిదో ఎత్తులోనే మార్పిడిలో పోయింది కదా. 16.బిషప్ ఏ7తో బి8 రూక్‌కి చోటు లేదు. ఏ8, బి7 రెండూ జి2 బిషప్ గుప్పిట్లో, బి6 ఏ7 బిషప్ గుప్పిట్లో ఉన్నాయి. ఈ లైన్లో బి5 తోయడం నలుపుకు మామూలు ప్రణాళికే, ఏ6, రూక్ బి8 దానికోసమే. తోసేముందు తెల్ల బిషప్ ఈ3 నుంచి ఏ7కి రాగలదా అన్నది చూసుకోవాలి. ఇంజిన్ అంకె ఈ పాఠం చెప్పదు.

ఇంకో మాట. ప్రశాంతంగా సాగి డ్రా అయిన సిమెట్రికల్ ఆటకు సైటు ఇచ్చే 'ఆక్యురసీ' శాతం చాలా ఎక్కువగా వస్తుంది. ఏ ఎత్తు ఆడినా గెలుపు అవకాశం పెద్దగా మారని పొజిషన్లవి. అది చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు.

స్టడీ: మంచి అలమర, ఒక్కటే లోపం

తయారీని భద్రపరచుకోవడానికి 'స్టడీ' ఉంది. ఒక్కో స్టడీలో 64 అధ్యాయాల దాకా పెట్టుకోవచ్చు. ప్రతి ఎత్తుకూ వ్యాఖ్య రాయొచ్చు, గుర్తులు పెట్టొచ్చు, మౌస్ కుడి బటన్ నొక్కి లాగి బాణాలు గీయొచ్చు, ఇతరుల్ని చేర్చుకుని కలిసి పనిచేయొచ్చు. కోచ్ ఒక ఊర్లో, పిల్లలు ఇంకో ఊర్లో ఉన్నప్పుడు ఇది చాలా సుఖం. ఫోన్‌లో చదువుకోవడానికి ఇబ్బంది లేదు గానీ బాణాలు గీస్తూ కొమ్మలు సర్దే పని ఫోన్‌లో పెట్టుకోకండి.

లోపం సరిగ్గా ఈ ఓపెనింగ్‌నే దెబ్బతీసేది. ఎక్స్‌ప్లోరర్ పొజిషన్లను కలుపుతుంది గానీ స్టడీలోని చెట్టు కలపదు. 1.సి4 దారిలో ఓ పొజిషన్ కింద పది ఎత్తుల నోట్స్ రాసి, 1.నైట్ ఎఫ్3 దారిలో అదే పొజిషన్‌కి వస్తే అక్కడ ఖాళీ. మళ్లీ రాయాలి, లేదా 'పై కొమ్మ చూడు' అని రాసుకోవాలి. రెండు నెలలకు ఒక కొమ్మలో దిద్దింది ఇంకో కొమ్మలో దిద్దకుండా మిగిలిపోతుంది. రెండు కొమ్మలు రెండు వేర్వేరు సలహాలిస్తాయి. సిమెట్రికల్ ఇంగ్లిష్ స్టడీలు చాలావరకు పాడయ్యేది ఇలాగే.

దీనికి విరుగుడు ఉంది. అధ్యాయాన్ని మొదటి ఎత్తు నుంచి కాకుండా ముఖ్యమైన పొజిషన్ నుంచి మొదలుపెట్టాలి. ఎనాలిసిస్ బోర్డులో రెండు వైపులా 0-0 అయ్యేదాకా ఆడి, కింద పెట్టెలో వచ్చే ఫెన్ వరసను (పొజిషన్‌ని ఒకే వరసలో రాసే కోడు) కాపీ చేసుకోండి. కొత్త అధ్యాయంలో ఫెన్ అనే ట్యాబ్‌లో అతికించండి. ఎత్తు సంఖ్య ఫెన్ చివర్లోనే ఉంటుంది కాబట్టి తర్వాతి ఎత్తు 7 అనే పడుతుంది. ఎక్స్‌ప్లోరర్ అక్కడి నుంచి కూడా మామూలుగా పనిచేస్తుంది. ఆ తర్వాత 'దారులు' అని ఒకే ఒక్క అధ్యాయం పెట్టి, అందులో ఏ వరస ఏ అధ్యాయంలోకి చేరుతుందో వ్యాఖ్యలుగా రాసుకోండి. నోట్స్ అన్నీ ఒక్కో పొజిషన్‌కి ఒక్కచోటే ఉంటాయి.

తెల్లపావులకు ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు చాలు. దారులకు ఒకటి. ఆరో ఎత్తు పొజిషన్‌లో 7.డి4 తర్వాత 10.క్వీన్ డి3కి ఒకటి, 10.బిషప్ జి5కి ఒకటి. 3...డి5తో వచ్చి 5...నైట్ సి7 ఆడే రూబిన్‌స్టీన్ పద్ధతికి ఒకటి. ఇందులో నలుపు ఈ5 కూడా తోసి మరోచినే తలకిందులుగా కడుతుంది, కాబట్టి దీనికి నోట్స్ ఎక్కువ కావాలి. హెడ్జ్‌హాగ్‌కి రెండు. నలుపు ఈ5 పెట్టేవాటికి ఒకటి, ఈ6, నైట్ జిఈ7 అమరికకు ఒకటి. మరోచిలోకి జారే దారికి ఒకటి, అదీ ఆడే ఉద్దేశం ఉంటేనే.

అధ్యాయం తయారుచేసేటప్పుడు 'ఇంటరాక్టివ్ లెసన్' అనే పద్ధతి ఎంచుకుంటే సైటే ప్రశ్న అడిగి ఎత్తు కోసం ఆగుతుంది. పైన చెప్పిన 18వ ఎత్తు పొజిషన్ నుంచి తెల్లవైపు పాఠం పెట్టి, 19.రూక్ ఎఫ్‌డి1ని జవాబుగా, 19.నైట్ డి5ని తప్పు ఎత్తుగా చేర్చి 'డి2ని ఎవరు కాపాడుతున్నారు?' అని వ్యాఖ్య రాస్తే పిల్లలకు చక్కగా ఎక్కుతుంది. అయితే ఈ పద్ధతి ప్రధాన వరసలోని ఎత్తునే ఒప్పుకుంటుంది. మిగతా కొమ్మలన్నీ దాని దృష్టిలో తప్పులే. నల్లవైపు 19వ ఎత్తుకు బిషప్ ఈ6, రాజు ఎఫ్8 రెండూ బెదిరింపును తప్పిస్తాయి గానీ ఒకదాన్నే సరైనదిగా పెట్టగలం. రెండోదానికి 'ఇదీ పరవాలేదు, ఇంకోటి ప్రయత్నించు' అని మనమే రాయాలి. మంచి ఎత్తులు రెండు మూడు ఉండే ఓపెనింగ్‌లో ఇది మాటిమాటికీ అడ్డొస్తుంది.

మర్చిపోయే లైన్లను కొన్ని రోజులకోసారి తనంతట తానే అడిగే ఏర్పాటు స్టడీలో లేదు. ఆ పునశ్చరణ సొంతంగా పెట్టుకోవాలి, లేదా డబ్బు కట్టే వేరే యాప్ చూసుకోవాలి. ఇతరులు పెట్టిన సిమెట్రికల్ స్టడీలు వెతికితే చాలానే దొరుకుతాయి. ఇంజిన్ మొదటి లైను అతికించి వదిలేసినవే ఎక్కువ. ఏడు నుంచి పన్నెండు ఎత్తుల మధ్య ఒక్క మాటైనా వ్యాఖ్య లేని స్టడీని మూసేయొచ్చు.

నేర్చుకున్నది ఆడి చూడటానికి బ్లిట్జ్ కంటే కరస్పాండెన్స్ నయం. ఎత్తుకు మూడు రోజులో, ఐదు రోజులో పెట్టుకోవచ్చు. ఆట నడుస్తుండగా ఓపెనింగ్ డేటాబేస్ చూడటం అందులో నిబంధనలకు విరుద్ధం కాదు, ఇంజిన్ మాత్రం నిషిద్ధం. మిగతా వేగాల్లో ఏదీ చూడకూడదు. ఎక్స్‌ప్లోరర్ పక్కన పెట్టుకుని, ఏడో ఎత్తు దగ్గర రోజంతా ఆలోచించి ఎంచుకున్న లైను బుర్రలో నిలిచిపోతుంది. మనిషి దొరక్కపోతే ఎనాలిసిస్ బోర్డు మెనూలో 'ఇక్కడి నుంచి కొనసాగించు' నొక్కి, ఆరో ఎత్తు పొజిషన్ నుంచే కంప్యూటర్‌తో ఆడొచ్చు. ఎనిమిది స్థాయులున్నాయి. కింది స్థాయిల్లో అది ఉన్నట్టుండి పావును వదిలేస్తుంది, సిమెట్రికల్‌లో అలా వచ్చే గెలుపు ఏమీ నేర్పదు. ఐదు, ఆరు స్థాయుల దగ్గర మొదలుపెట్టడం మేలు.

స్టడీ తెరిచిన రోజే రెండు పనులు చేసుకోవాలి. సెట్టింగుల్లో అది ఎవరికి కనిపిస్తుందో చూసి, అందరికీ అని ఉంటే పిలిచినవాళ్లకు మాత్రమే అని మార్చాలి. నెలకోసారి షేర్ ట్యాబ్‌లోకి వెళ్లి స్టడీ మొత్తాన్ని పీజీఎన్ (చెస్ ఎత్తుల్ని రాసిపెట్టే ఫైలు రూపం) ఫైలుగా దించుకోవాలి. అధ్యాయం పొరపాటున తుడిచేస్తే ఆదుకునేది ఆ ఫైలే. రేపు కొమ్మల్ని కలిపి చూపే వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మారాలనుకున్నా అదే ఫైలు అక్కడ తెరుచుకుంటుంది.